మాగాణి నేలలోని మూగ సేవకులు

వరియన్నము తిను దేశమునకు నత్రజని ప్రశ్న అన్నపు ప్రశ్నయే. 2025వ సంవత్సరపు సార్వాకాలమున తెలంగాణమునందును, ఆంధ్రమునందును ఒక్క బస్తా యూరియా కొరకు రైతులు తెల్లవారుజాముననే వచ్చి దుకాణముల ముంగిట బారులు తీరి నిలుచుటయు, నిలువలేనివారు తమకు మారుగా చెప్పులను వరుసలో నుంచుటయు లోకమెల్ల జూచినది. ఆ బారులో నిలిచిన రైతు పీల్చుగాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అతని పొలములో ఒక్కొక్క యెకరముపైని నిలిచియున్న గాలిలో 30 వేల టన్నులకు మించిన నత్రజని గలదు. గాదెనిండ ధాన్యముండియు తాళపుచెవి కానరాక పస్తుండు సంసారమువలె నున్నది మన వ్యవసాయము. ఆ తాళపుచెవిని ప్రకృతి కంటికి గానరాని సూక్ష్మజీవుల చేతికిచ్చినది. వానిచే వరిచేనికి మేలు చేయించుకొను విధమెట్టిది? ఆ మేలు మనకు పూర్ణముగా దక్కకుండుటకు కారణమేమి? ఈ రెండు ప్రశ్నలను నేడు భూస్వాములైన పాఠకుల ముందుంచుచున్నాము.

గాలిలోని నత్రజని పరమాణువులు జంటలు జంటలుగా మిక్కిలి గట్టిగా బంధింపబడి యుండును. ఆ బంధమును త్రెంచినగాని పైరునకు అది ఆహారము గాదు. 1909లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనితో అమోనియా చేయు మార్గమును ప్రదర్శించెను. కార్ల్ బాష్ పూనికచే 1913లో ఒప్పౌ అను తావున తొలి కర్మాగారము పని ప్రారంభించెను. యూరియా యనునది ఆ అమోనియాకు రూపాంతరమే. నేటికిని ఆ పనికి నాలుగైదువందల డిగ్రీల వేడిమియు, మన చుట్టునున్న గాలి ఒత్తిడికి నూరురెట్లకు మించిన ఒత్తిడియు, వాని వెనుక సహజవాయువును కావలెను. నేలలోని కొన్నిజాతుల బాక్టీరియా ఈ కార్యమునే కొలిమి లేక, యంత్రము లేక, మడిలోని చల్లని మట్టియందు నైట్రోజనేజ్ అను ఎంజైముచే నిర్వహించుచున్నవి.

అయితే వాని సేవ వెట్టిచాకిరి గాదు. నత్రజని బంధమును త్రెంచుటకు బాక్టీరియాకును విస్తారమైన శక్తి వలయును. ఆ శక్తి కుళ్లుచున్న ఆకు అలములనుండియో, పైరు వేళ్లు విడుచు చక్కెరలనుండియో, ఎండనుండియో రావలెను. తిండి లేని సేవకుడు పని చేయజాలడు. మరియొక విశేషము గలదు. నేలలో అమోనియా సమృద్ధిగా నున్నపుడు ఈ జీవులు నత్రజనిని పట్టుట మానును. వండిన యన్నము ఎదుట నుండగా పొయ్యి రాజవేయువాడెవడు? ఆహారము పెట్టవలెను, అతిగా యూరియా పోయరాదు. ఈ రెండు సూత్రములును తెలిసినవానికి మిగిలిన విషయమంతయు సులభముగా బోధపడగలదు.

మొదట ఒక చిన్నలెక్క వేయుదము. టన్ను ధాన్యము పండుటకు వరిపైరు సుమారు 15 మొదలు 20 కిలోల వరకు నత్రజనిని పీల్చును. ఎకరమునకు 75 కిలోల బస్తాలు 30 పండెననుకొందము. అనగా రెండుంబావు టన్నులు. ఆ పంటకు సుమారు 34 మొదలు 45 కిలోల నత్రజని కావలెను. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని గనుక 45 కిలోల బస్తాలో నున్నది 21 కిలోలకు లోబడియే. రెండు బస్తాలు చల్లినచో 41 కిలోలు. లెక్క సరిపోయినదని రైతు సంతోషించును. కాని నీరు నిలిచిన మడిలో చల్లిన యూరియాయందలి నత్రజనిలో పైరునకు దక్కునది సుమారు మూడవవంతు మాత్రమే. అనగా 14 కిలోలు. తక్కిన 20, 30 కిలోలు ఎవరిచ్చిరి? నేలయే యిచ్చినది. నేల యనగా ఉత్త మన్ను గాదు. పాత వేళ్లను, దుబ్బులను, పెంటను జీర్ణించి అందలి నత్రజనిని విడిపించునవియు, గాలినుండి క్రొత్త నత్రజనిని తెచ్చి జమకట్టునవియు సూక్ష్మజీవులే. యూరియా బస్తా దండిగా పడిన పొలమునందు సైతము వరిపైరు పీల్చు నత్రజనిలో సగమునకు మించినది నేలనుండి వచ్చునదియేయని శాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి తేల్చిరి. కీర్తి బస్తాకు, కష్టము బాక్టీరియాకు!

మరి మిగిలిన యూరియా యేమగుచున్నది? కొంత అమోనియాగా మారి మధ్యాహ్నపుటెండలో నీటిపైనుండి గాలిలో గలియును. కొంత మడిపైని పలుచని పొరలో నైట్రేటుగా మారి, గాలి సోకని అడుగుమట్టిలోనికి దిగి, అచటి వేరుజాతుల బాక్టీరియాచే విరువబడి మరల వాయువై పోవును. అందు కొంత భాగము నైట్రస్ ఆక్సైడ్ రూపమున లేచి భూమి వేడిమిని హెచ్చించును. నూరేండ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకంటె దాని తాపశక్తి 270 రెట్లకు మించినది. 2015లో యూరియాకంతకును వేపనూనె పూత పూయవలెనని కేంద్రప్రభుత్వము నిబంధించుట కొక కారణమిదియే. నైట్రేటును చేయు బాక్టీరియా వేగమును వేప తగ్గించును. సేవకులవలెనే దొంగలును నేలలో గలరు. ఎవరికి తలుపు తీయవలెనో, ఎవరికి మూయవలెనో యెరుగుటయే సేద్యము.

వరిమడి తనంతట తాను సారమును కూడబెట్టుకొనుచున్నదన్న సంగతి మనకు క్రొత్తది గాదు. మెట్టపైరు ఎరువు లేక నీరసించుచుండగా, మాగాణి శతాబ్దములు ఎడతెగక పండుటెట్లని మదరాసు రాజధాని వ్యవసాయశాఖవారు పూర్వమే విచారించిరి. హారిసన్, సుబ్రహ్మణ్య అయ్యరు అను నిరువురు రసాయన శాస్త్రజ్ఞులు మడిబురదనుండి పుట్టు వాయువులను పరీక్షించి 1913లో తమ ఫలితములను ప్రకటించిరి. బురదపైని పలుచగా పరచుకొనియున్న నాచును, బాక్టీరియాయును వరివేళ్లకు ప్రాణవాయువు నందించుటకు తోడ్పడుచున్నవని వారు చూపిరి. పిదప 1939లో పి. కె. దే అను మనదేశపు శాస్త్రజ్ఞుడు, మడినీటిలో పెరుగు నీలియాకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని బంధించుచున్నదని లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. పేరునకు నాచే గాని శాస్త్రదృష్టిచే నదియు బాక్టీరియాలోనిదే. ఎండనుండియే శక్తిని గ్రహించును గనుక ఇతర బాక్టీరియావలె తిండి కొరకు ఎదురుచూడదు. తాతల నాడు రైతు పాదమునకు జారుడు తగిలించి విసిగించిన ఆ నాచే ఆతని గాదెకు కొంత ధాన్యము చేర్చుచుండినది!

ఇచట ఒక భేదమును స్పష్టపరుపవలెను. మినుము, పెసర, వేరుసెనగ మున్నగు కాయజాతి పైరుల వేళ్లపై బుడిపెలు గట్టి వానిలో కాపురముండు బాక్టీరియా వేరు. అచట పైరును బాక్టీరియాయును ఆలుమగలవలె ఒకే యింట నుండును. 1886లో హెల్రీగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ రహస్యమును వెల్లడించెను. బ్రెజిల్ దేశము ఆ మార్గమును బట్టియే సోయాచిక్కుడు పైరును దాదాపుగా నత్రజని యెరువు లేకయే పండించి విదేశద్రవ్యమును అపారముగా మిగుల్చుకొనుచున్నది. ఆ కృషికి పునాది వేసినవారిలో యోహన్నా డోబెరైనర్ అను విదుషీమణి యగ్రగణ్య. గడ్డిజాతి పైరుల వేళ్లచుట్టు నివసించు అజోస్పిరిల్లము అను బాక్టీరియాను లోకము దృష్టికి దెచ్చినదియు ఆమెయే. వరియు గడ్డిజాతిదే. కాని వరివేళ్లకు బుడిపెలు లేవు. అజోస్పిరిల్లము వరికి ఇరుగుపొరుగువంటిది, ఆలుమగలవంటిది గాదు. ఇరుగుపొరుగు ఇచ్చు సాయమును ఇల్లాలి సంపాదనగా లెక్కవేసికొన్నచో ఆశాభంగము తప్పదు.

అజోస్పిరిల్లము గాలినుండి తెచ్చి పైరునకిచ్చు నత్రజని స్వల్పము. దాని ముఖ్యోపకారము వేరొకటి. వేళ్లను పెంచు ఇండోల్ ఎసిటిక్ ఆమ్లము వంటి ద్రవ్యములను అది పుట్టించును. అందుచే పిల్లవేళ్లును, నూగువేళ్లును హెచ్చును. వేరు వ్యాపించినకొలది నేలలోని నత్రజనియు, చల్లిన యూరియాయును పైరునకు ఎక్కువగా దక్కును. అనగా వృథాయగు మూడింట రెండువంతులలో కొంత మిగిలించు సాధనమిది. యూరియాను బొత్తిగా మానిపించు మంత్రము గాదు. దీనిని వాడినవారు నత్రజని మోతాదును నాల్గవవంతు వరకు తగ్గించుకొనవచ్చునని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నాల్గవవంతు చిన్నది గాదు. కాని అది పొలమును బట్టి, సేంద్రియ పదార్థమును బట్టి, పొట్లములోని జీవుల ప్రాణమును బట్టి మారును.

ప్రాణమను మాటను ఊరక వాడలేదు. దుకాణములో నమ్ము యూరియా గిడ్డంగిలో ఏడాది యున్నను యూరియాయే. జీవన ఎరువు అట్లుగాదు. అది బ్రతికియున్నంతవరకే యెరువు, చచ్చినపిదప పొడి బొగ్గు. చట్టము ఈ సంగతిని గుర్తించినది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006లో జీవన ఎరువులను చేర్చిరి. పొడియెరువు గ్రామునకు 5 కోట్ల, ద్రవరూపమైనది మిల్లీలీటరునకు 10 కోట్ల సజీవకణములకు తక్కువ యుండరాదని ప్రమాణము గలదు. కాని వేసవి యెండకు మాడు రేకుల కొట్టులో, పురుగుమందుల డబ్బాల ప్రక్కన నెలల తరబడి పడియున్న పొట్లములో ఎన్నికోట్లు మిగులును? తయారైన నాడు లెక్క సరియైనను రైతు చేతికి వచ్చిన నాడు సరిగా నుండవలెనుగదా! ఫలము గానక రైతు బాక్టీరియాను నిందించును. నేరము బాక్టీరియాది గాదు, దానిని చంపి యమ్మినవానిది. కావున నమూనాలను కర్మాగారపు గుమ్మమున గాక, పల్లె దుకాణపు బల్లమీదనుండి తీసి పరీక్షింపవలెను. ఆ ఫలితములను జిల్లాలవారీగా పత్రికలలో ప్రకటింపవలెను. ఇది ప్రభుత్వముల విధి.

రైతు విధియు గలదు. పొట్లముపైని గడువుతేదీని చూడక కొనరాదు. కొన్నదానిని నీడపట్టున చల్లగా దాచవలెను. తెగుళ్లమందు పట్టించిన విత్తనమునకు వెంటనే దీనిని పట్టింపరాదు. రసాయనికపు టెరువుతో కలిపి చల్లరాదు. నారు పీకినపిదప ఈ ద్రావణములో వేళ్లను కొంతసేపు ముంచి నాటవచ్చును. లేక బాగుగా చివికిన పశువుల యెరువులో కలిపి, తడి ఆరకుండ కొన్నాళ్లు మాగనిచ్చి దమ్ములో చల్లవచ్చును. ఈ రెండవ పద్ధతిలో సేవకునితోపాటు వాని బత్తెమును పొలమునకు పంపినట్లగును. నీలియాకుపచ్చ నాచు పొడిని హెక్టారునకు 10 కిలోల చొప్పున, నాటిన సుమారు పదిదినములకు నిలువనీటిలో చల్లుట వాడుక. నేలలో భాస్వరము చాలనిచో ఆ నాచు పెరుగదు. పొట్లము చిన్నది, జాగ్రత్త పెద్దది.

అన్నిటికంటె చవుకయైనది, అన్నిటికంటె నిశ్చయమైనది దుకాణములో దొరకదు. అది మన పెద్దలెరిగిన పచ్చిరొట్టయే. జీలుగ, జనుము, పిల్లిపెసర అను పేర్లు కృష్ణాగోదావరి మండలముల రైతునకు క్రొత్తగా చెప్పవలసినవి గావు. వాని వేళ్లపైని బుడిపెలలో నుండు బాక్టీరియా పైని చెప్పిన ఆలుమగల జాతికి చెందినవి గనుక వాని సంపాదన ఘనము. జీలుగును విత్తి, యేడెనిమిది వారములు పెంచి, పూతదశలో దమ్ముచేసి కలిపినచో హెక్టారునకు 60 మొదలు 100 కిలోల నత్రజని నేలకు చేరవచ్చును. ఎకరమునకు లెక్కించిన 24 మొదలు 40 కిలోలు. అనగా ఒకటి రెండు బస్తాల యూరియాకు సాటి. అదియంతయు తొలిపంటకే యందదు. కొంత తరువాతి పంటలకు నిలువయుండును. దానితోపాటు వచ్చిన సేంద్రియ పదార్థము మడిలోని తక్కిన సూక్ష్మజీవులన్నిటికిని ఆహారమగును. సేవకులకు బత్తెమన్నచో నిదియే. ఆ బత్తెము ముట్టిన నేలలో అజోస్పిరిల్లము పొట్లము ఫలించును. ముట్టని నేలలో క్రొత్తగా వచ్చిన జీవి పాతవానితో పోరాడి, ఆకలిచే నశించును.

ఇంత మేలైన పచ్చిరొట్ట మన మాగాణులనుండి యేల తొలగిపోయినది? రెండవపంట తొందర, కాలువల ఆలస్యము, యూరియా చవుక మున్నగునవి కారణములని చెప్పుదురు. అవి నిజమే. కాని ఎవరును నోరు తెరచి చెప్పని కారణము మరియొకటి గలదు. అది కౌలు.

డెల్టా పల్లెలలో నాగలి పట్టువాడు వేరు, పట్టా కలవాడు వేరు. కౌలుదారు ఈ యేడు దున్నిన మడి వచ్చు ఏడు ఆతనిదో కాదో ఆతనికి తెలియదు. 2011 నాటి చట్టము సాగుదారునకు గుర్తింపుకార్డు నిచ్చినది. ఆంధ్రప్రదేశమున 2019లో దాని స్థానమున వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము ఒడంబడికకు 11 నెలల గడువు నేర్పరచినది. అప్పునకు, పంటబీమాకు ఇవి ఉపకరింపవచ్చును. నేలసారమునకు 11 నెలలు చాలవు. జీలుగ విత్తనము, దున్నకపు కూలి ఈ యేడు కౌలుదారు పెట్టవలెను, నేలలో నిలిచిన సారమును వచ్చు ఏడు వేరొకడనుభవింపవలెను. ఇట్టి బేరము నెవడొప్పుకొనును? ఆతడు చేయునది యుక్తమే. ఈ పంటకు ఈ పంటలోనే ఫలమిచ్చు యూరియాను పట్టుకొని బారులో నిలుచుచున్నాడు. యూరియా కౌలుదారు యెరువు, పచ్చిరొట్ట భూస్వామి యెరువు. భూస్వామి తన యెరువు తాను వేయుట మానివేసెను.

కావున భూస్వాములైన పాఠకులను సూటిగా నడుగుచున్నాము. నేల మీది. సేంద్రియాంశము హెచ్చిన లాభము మీది, క్షీణించిన నష్టము మీది. పట్టణమున నుండి యేటేట కౌలు బస్తాలు లెక్కించుకొను మీరు, ఆ బస్తాలతోపాటు పొలము సారము ఎంత బండికెక్కి పోవుచున్నదో యేనాడైన లెక్కించితిరా? మూడేండ్లకు తక్కువ గాకుండ కౌలు ఒడంబడిక వ్రాయుడు. పచ్చిరొట్ట విత్తనపు వెలయు, దున్నకపు కూలియు మీరు భరించుడు, లేక కౌలులో తగ్గించుడు. మూడేండ్లకొకమారు మట్టిని పరీక్షింపజేసి, సేంద్రియ కర్బనము హెచ్చినచో కౌలుదారునకు మినహాయింపునిత్తుమని ఒడంబడికలోనే చేర్చుడు. ఇది దానము గాదు. మీ యింటిగోడకు సున్నము వేయించుట దానమగునా?

ప్రభుత్వములకును ఒక మాట. 2022-23లో ఎరువుల రాయితీ క్రింద కేంద్రము వెచ్చించినది 2 లక్షల కోట్ల రూపాయలను దాటినది. ఎక్కడనో యుద్ధము సాగినచో మన మడిలో ఎరువు వెల పెరుగును. మూతపడిన రామగుండము కర్మాగారము తిరిగి యూరియా చేయుట సంతోషకరమే గాని, దాని కడుపునకును సహజవాయువే కావలెను. ఆ వాయువులో మన దేశము చాల భాగము విదేశములనుండి కొనుచున్నది. కాలువకు నీరు వదలుటకు ముందే జీలుగ విత్తనము పల్లెకు చేరవలెను. నాట్లుపడిన పిదప వచ్చిన విత్తనము, పెండ్లియైన పిదప వచ్చిన మేళమువంటిది. ఆకు రంగునుబట్టి యూరియా మోతాదును నిర్ణయించు రంగుపట్టిక మిక్కిలి చవుకయైన సాధనము. అది ప్రతి వరిరైతు చేతిలో నుండవలెను. అవసరమునకు మించి చల్లిన ప్రతి గుప్పెడును ధనమునకే గాక నేలలోని సేవకులకును శత్రువు.

యూరియాను ఒక్కసారిగా మానుడని మేము చెప్పుట లేదు. తగిన మార్గమేర్పడక ముందే దానిని మానుట సాహసము. ఆకలి ప్రయోగములు చేయదగిన విషయము గాదు. కాని పోయినదానిలో మూడవవంతు మాత్రమే ముట్టు వ్యాపారమును నెవ్వరును ఎన్నాళ్లో నడుపజాలరు. పొట్లమును నమ్మి నేలను మరచుట యొక పొరపాటు, నేలను బస్తాకు తాకట్టుపెట్టుట అంతకుమించిన పొరపాటు. మన మడులలోని మూగ సేవకులు కూలి పెంచుమని అడుగరు, బారులు తీరరు, పట్టా కోరరు. వారడుగునవి రెండే: ఇంత తిండి, ఇంత వ్యవధి. తిండిని పచ్చిరొట్టయిచ్చును. వ్యవధిని ఈయవలసినవాడు పట్టా కలవాడు. వచ్చు సార్వాకు కౌలుకాగితము వ్రాయునపుడు ప్రతి భూస్వామియు కలమునొక్క నిమిషము నిలిపి ఈ సంగతిని తలపోయుగాక!